మాట మీద అప్పు... కాగితం మీద ఇల్లు

అనకాపల్లిలో బెల్లం ఎంత పాతదో మాట మీద అప్పూ అంతే పాతది. చెరకు నరికించడానికి కూలి డబ్బులు చాలకపోతే రైతు నేరుగా వర్తకుడి కొట్టు మెట్లెక్కుతాడు. 'పండగ ముందు దిమ్మలు తోలుకొస్తాను బాబూ' అంటాడు. అంతే! డబ్బు చేతిలో పడుతుంది. బెల్లం మార్కెట్‌కు చేరాక ఆ పద్దు మినహాయించుకుని మిగిలింది ఇస్తారు. దిమ్మలు మోసి, తూకం వేసే కొలగార్లదీ అదే దారి. కూతురి పురిటికో, కొడుకు ఫీజుకో షావుకారు దగ్గర చెయ్యి చాస్తారు. సీజన్‌లో తీరుస్తారు. సాక్షి సంతకాలుండవు, స్టాంపు కాగితాలుండవు. మనిషి తెలుసు, వాళ్ల నాన్న తెలుసు... చాలు.

దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా పేరున్న ఆ ఊళ్లో కోట్ల రూపాయల వ్యాపారం అలా మాట మీద నడిచిపోతుంది. కానీ అదే ఊళ్లో ఓ గుమాస్తా రెండు గదుల ఇల్లు కొనుక్కోవాలంటే మాత్రం మాట సరిపోదు. బ్యాంకుకు కాగితం కావాలి. ఒకటి కాదు, రెండు కాదు... అట్టపెట్టె నిండేటన్ని!

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. బ్యాంకు రుణం తీసుకుని చూడు అన్న ముక్క కలపలేదు. వాళ్ల కాలానికి ఆ అవసరం రాలేదు మరి.

ఖాళీ చేస్తారా?

ఆ ఇంట్లో నలుగురు. భర్త బెల్లం కొట్టులో గుమాస్తా. చిట్టా, ఆవర్జా రెండూ ఆయన చేతి మీదే నడుస్తాయి. భార్య ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఎనిమిదో తరగతి చదివే కూతురు. నలభై ఏళ్లపాటు అదే మార్కెట్‌లో కొలగారిగా పనిచేసి, నడుం పట్టేయడంతో ఇంటి పట్టునే ఉంటున్న మావగారు. పదమూడేళ్లుగా ఒకే అద్దె ఇల్లు. ఇంటివాళ్లతో చుట్టరికం కలిసినంత చనువు. పెరట్లో కరివేపాకు చెట్టు కూడా వీళ్లు నాటిందే.

2020లో కరోనా వచ్చింది. లాక్‌డౌన్‌లో వీధి వీధంతా తలుపులేసుకుంటే ఆమె మాత్రం పొద్దున్నే తయారై డ్యూటీకి వెళ్లేది. వారం తిరక్కుండానే ఇంటి యజమాని గుమ్మం బయట దూరంగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

''ఏమీ అనుకోవద్దమ్మా. ఇంట్లో పెద్దాళ్లున్నారు. నువ్వేమో ఆసుపత్రి నుంచి వస్తావు. కొన్నాళ్లు ఎక్కడైనా చూసుకుంటారేమోనని...''

ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడంతే. ఆ రోజుల్లో దేశంలో చాలాచోట్ల డాక్టర్లకూ, నర్సులకూ ఎదురైన అనుభవమే అది. ఆమె కూడా ఎదురు మాట్లాడలేదు. నెల రోజులు ఆసుపత్రి మేడ మీద గదిలోనే ఉండిపోయింది. కూతురు ఫోన్‌లో ఏడ్చేది. నెల తర్వాత ఇంటికొచ్చిన రోజు రాత్రి భర్తతో ఒకే ఒక్క మాట అంది.

''ఏమండీ, మనల్ని పొమ్మనలేని ఇల్లు ఒకటి కావాలి.''

అప్పటిదాకా సొంతిల్లు వాళ్లకో కోరిక. ఆ రోజు నుంచి అవసరం.

లెక్కలు రాసేవాడికి లెక్క లేదు

2021 వేసవి దాటాక ఇల్లు కుదిరింది. గవరపాలెం వైపు ఓ సందులో వంద గజాల స్థలం. రెండు గదులు, వంటిల్లు. పాత స్లాబు, గట్టి గోడలు. ఇద్దరు అన్నదమ్ములు అమ్ముతున్నారు. బేరం ఇరవై నాలుగు లక్షల దగ్గర తెగింది. విశాఖ దగ్గర కావడం, 2013లో ఊరు మహా విశాఖ కార్పొరేషన్‌లో కలవడంతో స్థలాల రేట్లు బెల్లం రేట్లలా సీజన్ దాటాక దిగడం ఎప్పుడో మానేశాయి.

పదిహేను లక్షలు బ్యాంకు రుణం, మిగతాది సొంతం అనుకున్నారు. అప్పట్లో వడ్డీలు బాగా దిగి ఉన్నాయి. రిజర్వు బ్యాంకు రెపో రేటు నాలుగు శాతం దగ్గరుంది. ఇంటి రుణం ఏడు శాతానికి దొరికే కాలం. బ్యాంకు ఆఫీసరు ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగాడు.

''సార్, మీ జీతమెంత?''

''పద్దెనిమిది వేలండి. సీజన్‌లో బోనసు వేరే.''

''ఏ ఖాతాలో పడుతుంది?''

''ఖాతాలో ఏముందండీ... చేతికిస్తారు.''

''రిటర్నులు వేస్తున్నారా?''

లేదు. ఇరవై ఏళ్లుగా కొట్టులోకి వచ్చే ప్రతి దిమ్మకూ, పోయే ప్రతి పైసాకూ లెక్క రాసిన మనిషి ఆయన. మార్కెట్‌లో పద్దు దగ్గర తేడా వస్తే పక్క కొట్టువాళ్లు కూడా ఆయన్నే పిలుస్తారు. కానీ ఆయన సంపాదనకు మాత్రం లోకంలో ఎక్కడా ఒక్క కాగితం ముక్క లేదు! బ్యాంకు లెక్క ప్రకారం ఆయన ఆదాయం... సున్నా.

అది చాలదన్నట్టు సిబిల్ రిపోర్టు వచ్చింది. మూడొందల నుంచి తొమ్మిది వందల దాకా ఉండే ఆ స్కోరు ఏడొందల యాభై దాటితే బ్యాంకులు ఆనందంగా చూస్తాయి. ఆయనది ఏడొందలు కూడా లేదు. 'నేనెక్కడా అప్పే చేయలేదు కదా' అని విస్తుపోయాడు. చేయలేదు నిజమే. ఎప్పుడో స్నేహితుడి బైకు రుణానికి జామీను సంతకం పెట్టాడు. ఆ స్నేహితుడు నాలుగు వాయిదాలు ఎగ్గొట్టి ఊరుకున్నాడు. మార్కెట్‌లో జామీను అంటే 'వీడు మంచోడే' అని చెప్పడం. బ్యాంకులో జామీను అంటే 'వీడు కట్టకపోతే నేను కడతాను' అనడం. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో ఆయనకు ఆ రోజే తెలిసింది. స్నేహితుణ్ని వెతికి పట్టుకుని బాకీ కట్టించి, అది రికార్డుల్లోకి ఎక్కేదాకా ఆగాల్సి వచ్చింది.

చివరికి రుణానికి నిలబడింది ఎవరు? ఆమె! నెలకు ఇరవై నాలుగు వేల జీతం, ప్రతి నెలా ఖాతాలో పడుతున్న స్టేట్‌మెంటు, ఆసుపత్రి ఇచ్చిన జీతం స్లిప్పులు. జీతంలో సగానికి మించి వాయిదా ఉండకూడదన్నది ఆ బ్యాంకు లెక్క. అంటే పన్నెండు వేలు. పదిహేను లక్షలకు ఏడు శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెలసరి వాయిదా రూ.11,630. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది.

''అయితే మేడంగారు మొదటి దరఖాస్తుదారు. సార్ రెండో పేరు. దస్తావేజులో కూడా ఇద్దరి పేర్లూ ఉండాలి'' అన్నాడు ఆఫీసరు.

ఇంటికొచ్చి చెబితే మావగారు మంచం మీద లేచి కూర్చున్నారు.

''కోడలి పేరు ముందా?'' అన్నారు. కాసేపాగి, ''ఇరవై యేళ్లా? ఏట్రా ఇది! గుంట పెళ్లి నాటిక్కూడా తీరదేట్రా ఈ అప్పు?''

మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. రెండోదానికి ఆయన కొడుకు చెప్పాడు. ''తీరదు నాన్నా. అద్దె మాత్రం ఎప్పుడు తీరిందీ?''

ఆడపడుచు సంతకం

అమ్మేవాళ్లు ఓ మెలిక పెట్టారు. ''దస్తావేజులో పదిహేను లక్షలు రాసుకుందాం. మిగతా తొమ్మిదీ చేతికివ్వండి. మీకూ రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది.''

ఇల్లు కొన్న చాలామందికి తెలిసిన మాటే ఇది. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ బ్యాంకు రుణం తీసుకునేవాళ్లకు గుదిబండ. ముప్పై లక్షల లోపు రుణాలకు ఇంటి విలువలో గరిష్ఠంగా తొంభై శాతం దాకానే ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ విలువ కూడా దస్తావేజులో రాసిన ధర, బ్యాంకు ఇంజినీరు కట్టిన విలువ... ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. పదిహేను అని రాస్తే రుణం పదమూడున్నర దాటదు. పైగా స్థిరాస్తి అమ్మకాల్లో రూ.20 వేలు, అంతకు మించి నగదు పుచ్చుకోకూడదన్న నిబంధన 2015లోనే వచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. ''ఇరవై నాలుగంటే ఇరవై నాలుగే రాద్దామండీ. మనం దాచుకోవాల్సిందేముంది?'' అంది.

ఆ నిజాయతీకీ ఖరీదుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపితే ఏడున్నర శాతం. ఇరవై నాలుగు లక్షల మీద లక్షా ఎనభై వేలు. ఈ ఖర్చును ఇంటి ధరలో కలిపి బ్యాంకు రుణమివ్వదు. అది పూర్తిగా సొంత జేబులోంచే. ఇల్లు కొనేవాళ్లు చాలామంది బోర్లా పడేది ఇక్కడే.

అంటే చేతిలో పదకొండు లక్షలు ఉండాలి. పాడుకున్న చీటీ నాలుగు. ఆమె గొలుసు, గాజులు అమ్మితే మూడు. రికరింగ్ డిపాజిట్ లక్షన్నర. మావగారు దిండు కింది పాస్‌బుక్కులోంచి యాభై వేలు. తొమ్మిది అయ్యాయి. మరో రెండు?

షావుకారును అడగడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. ఇవ్వడానికి షావుకారుకు నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. చెక్కు రాసిచ్చి, ''నోటు ఎందుకయ్యా, నువ్వు ఎక్కడికి పోతావు? వడ్డీ ఏమీ వద్దు. వీలున్నప్పుడు ఇద్దువు గాని, పద్దు రాసుకో'' అన్నాడు. గుమాస్తా కదా! తన పేరు మీద తన బాకీని తన చేత్తోనే ఆవర్జాలో రాసుకున్నాడు.

బ్యాంకు మాత్రం ఆమె పెట్టిన సంతకాలన్నీ అయ్యాక కూడా కాగితాలు అడుగుతూనే ఉంది. ఈసీ, ఇంటి పన్ను రసీదులు, ప్లాను, లింకు డాక్యుమెంట్లు... ఈసీ తేలిగ్గానే దొరికింది. 1983 తర్వాతి లావాదేవీల ఈసీ ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటర్లోనే వస్తుంది. చిక్కు వేరేచోట వచ్చింది. అన్ని కాగితాలూ తిరగేసిన బ్యాంకు లాయరు ఒకచోట వేలు పెట్టాడు.

''ఈ ఇల్లు వీళ్ల నాన్నగారి స్వార్జితం. ఆయన వీలునామా రాయకుండా పోయారు. వారసుల పత్రంలో ముగ్గురున్నారు. అమ్ముతున్నది ఇద్దరు. మూడో ఆవిడ ఏదీ?''

మూడో ఆవిడ వాళ్ల చెల్లెలు. పెళ్లయి చోడవరం వెళ్లిపోయింది. ''దానికి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశామండీ. నోటి మాటగా పంపకాలు ఎప్పుడో అయిపోయాయి'' అన్నారు అన్నదమ్ములు. మార్కెట్‌లో అయితే ఆ మాట చెల్లేదేమో. లాయరు తల అడ్డంగా ఊపాడు. తండ్రి వీలునామా లేకుండా పోతే ఆయన స్వార్జితంలో కొడుకులతోపాటు కూతురికీ సమాన వాటా ఉంటుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. ఆమె సంతకం పెడితేనే రుణం. లేదంటే లేదు.

బేరం చెడిపోతుందేమోనని వీళ్లు బెంగపడ్డారు. చెల్లెలు ఎక్కడ వాటా అడుగుతుందోనని వాళ్లు బెంగపడ్డారు. మూడు వారాలు రాయబారాలు నడిచాయి. చివరికి అన్నదమ్ములు చెరో లక్షా ఆమెకు ముట్టజెప్పేటట్టు తేలింది. మూడో వంతుతో పోలిస్తే అది తక్కువే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. రిజిస్ట్రేషన్ రోజు చోడవరం నుంచి బస్సు దిగి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చింది. అమ్మకందారుల్లో తన పేరును దస్తావేజు లేఖరితో రెండుసార్లు చదివించుకుని విని, వేలిముద్ర కాదు, సంతకమే పెడతానంది. బయటికొచ్చాక కొన్న ఆవిడతో అంది...

''ఇన్నేళ్లకి ఆ ఇంట్లో నాకూ పాలుందని ఎవరో ఒకరు అడిగారమ్మా. బ్యాంకోళ్లే కావచ్చు.''

కాగితానికి దయ ఉండదంటారు. నిజమే. కానీ మాట మరిచిపోయిన మనుషుల్ని ఒక్కోసారి కాగితమే గుర్తుచేస్తుంది.

తాకట్టు అంటే...

రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం మావగారు దస్తావేజు చూస్తానన్నారు. ''అది బ్యాంకులో ఉండిపోతుంది నాన్నా, బాకీ తీరేదాకా. మనకు జిరాక్సే'' అని కొడుకు చెప్పేసరికి ఆయన ముఖం మాడిపోయింది. ఆయన తరంలో తాకట్టు అంటే పరువు పోవడం. చెవి కమ్మలు తాకట్టులో ఉన్నాయంటే నలుగురికీ చెప్పుకోలేని సంగతి.

నిజానికి ఇలా అసలు దస్తావేజుల్ని అప్పగించి రుణం తీసుకోవడం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉన్న పద్ధతి. మొదట్లో కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి చోట్లకూ, సర్కారు ప్రకటించిన పట్టణాలకూ మాత్రమే ఉండేది. వ్యాపారులు సరకు కొనడానికి దస్తావేజులు కుదువపెట్టి డబ్బు తెచ్చుకునేవారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇల్లు వీళ్లదే. ఉండొచ్చు, సున్నం వేసుకోవచ్చు, అద్దెకు ఇచ్చుకోవచ్చు. అప్పు తీరేదాకా కాగితం మాత్రం అక్కడుంటుంది. వాయిదాలు ఎగ్గొడితే మాత్రం ఇంటిని వేలం వేసే హక్కు బ్యాంకుకుంటుంది. ఆ ముక్క దాచుకోవాల్సిన పని లేదు.

ఆమె మరో జాగ్రత్త పడింది. రుణంతోపాటు అంటగట్టబోయిన ఒకేసారి కట్టే బీమాకు ''వద్దండీ'' అని, ఇద్దరి పేరునా విడిగా టర్మ్ పాలసీలు తీసుకుంది. ఇంటికి ఆధారమైన మనిషికి ఏదైనా అయితే ఇల్లు పోకూడదు కదా. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

వాయిదా పెరిగిందోయ్!

2021 డిసెంబరులో మొదటి వాయిదా కట్టారు. మొదటి నెల రూ.11,630లో వడ్డీయే రూ.8,750. అసలుకు జమైంది రూ.2,880. ఆవర్జా చూసినంత శ్రద్ధగా ఆ స్టేట్‌మెంటు చూసిన భర్త ''కొబ్బరికాయలో నీళ్లన్నీ బ్యాంకుకి, చిప్ప మనకి'' అని నవ్వాడు. ఇరవై ఏళ్లూ కడితే మొత్తం ఇరవై ఏడు లక్షల తొంభై వేల పైచిలుకు అవుతుందని అప్పటికే లెక్కేసుకుని ఉన్నాడు.

ఆ లెక్క ఆరు నెలలు కూడా నిలవలేదు. 2022 మేలో రిజర్వు బ్యాంకు వడ్డీ పెంచడం మొదలుపెట్టింది. నాలుగు శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరి నాటికి ఆరున్నరకు చేరింది. వీళ్లది మారే వడ్డీ. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే మారే వడ్డీ గృహరుణాలు ఇలా బయటి రేటుకు ముడిపడే ఉంటున్నాయి. అక్కడ పావలా పెరిగితే ఇక్కడా పావలా పెరుగుతుంది. ఏడు శాతం కాస్తా తొమ్మిదిన్నర అయింది.

వాయిదా పెంచకుండా బ్యాంకు గడువు సాగదీస్తూ వచ్చింది. సంగతేమిటా అని చూస్తే కడుతున్న పదకొండు వేల ఆరొందలూ వడ్డీకే సరిపోతున్నాయి. అసలు కదలడం లేదు! ఇలా అయితే ఇరవై ఏళ్లు కాదు, కూతురికి మనవలు పుట్టినా బాకీ అలాగే ఉంటుంది. ఇంక తప్పక వాయిదా పద్నాలుగు వేలు చేశారు. అప్పటికి ఆమె జీతం ఇరవై ఏడు వేలు. పాప ఇంటర్‌కు వచ్చింది. బజారులో నూనె, పప్పు సంగతి సరేసరి.

వాయిదా నెల నెలా అయిదో తారీఖున వచ్చి నిలబడుతుంది. మార్కెట్‌లో డబ్బు అలా రాదు. సంక్రాంతి ముందు నుంచి కొత్త అమావాస్య జాతర దాకా చేతినిండా ఆడుతుంది. వానలు పడ్డాయంటే కొట్లలో ఈగలు తోలుకోవడమే. ఏడాదికోసారి వచ్చే డబ్బుతో నెల నెలా వచ్చే బాకీని తీర్చడం ఎలా? అందరికన్నా ముందు దారి చెప్పింది అప్పు వద్దన్న పెద్దాయనే.

''మీ అమ్మ ఏం సేసేదో గుర్తుందేట్రా? సీజన్‌లో డబ్బులాడినప్పుడే వానాకాలం బియ్యం కొని గాదెలో పోసేది. పస్తులుండలేదు మనం. నీ బ్యాంకోడికీ అలాగే బియ్యం కొని పడెయ్యి.''

అలాగే చేశారు. సీజన్‌లో వచ్చే బోనసు ఇంట్లోకి రాకుండానే వేరే ఖాతాకు వెళ్లిపోతుంది. అందులో ఎప్పుడూ కనీసం నాలుగు వాయిదాలు నిల్వ ఉండాలి. ఆ డబ్బు పండక్కి కాదు, చీరకు కాదు, చుట్టాలకు కాదు. వానాకాలం బియ్యం! 2023లో ఆమెకు డెంగీ వచ్చి నెల రోజులు జీతం రానప్పుడు ఆ బియ్యమే కాపాడింది.

ఇంకో మంచి కూడా జరిగింది. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకుంటారో, గడువు పెంచుకుంటారో ఖాతాదారును అడగాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. 2025లో రెపో రేటు విడతలవారీగా ఒకటింబావు శాతం తగ్గింది. ''వాయిదా తగ్గించుకుంటారా మేడం?'' అని బ్యాంకులో అడిగితే ఆమె వద్దంది. అలవాటైన పద్నాలుగు వేలు అలాగే కడతామంది. దాంతో గడువు రెండేళ్లకు పైగా దగ్గరైంది. వడ్డీ పెరిగినప్పుడు గడువు పెరగనివ్వకుండా, తగ్గినప్పుడు వాయిదా తగ్గనివ్వకుండా ఉండటం... గృహరుణంలో ఇంతకన్నా పెద్ద చిట్కా లేదు. మారే వడ్డీ రుణాలు తీసుకున్నవాళ్లు చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడు ముందే కట్టేసినా, ఇంటి రుణాలపై 2012 నుంచి జరిమానా లేదు.

కొట్టేసిన పద్దు

ఇన్ని బాధల మధ్య ఆయన్ని ఎక్కువగా కుంగదీసింది బ్యాంకు బాకీ కాదు. వడ్డీ లేని ఆ రెండు లక్షలు.

షావుకారు ఒక్కసారి కూడా అడగలేదు. అదే చిక్కు. ఆదివారం రమ్మంటే వెళ్లాలి. వాళ్లింట్లో పెళ్లయితే వారం ముందు నుంచి ఉండాలి. పక్క కొట్టులో అయిదు వేలు ఎక్కువిస్తామని కబురొచ్చినా 'చూస్తానండీ' అని తప్పించుకోవాలి. మూడేళ్లు జీతం పెంచమని నోరు తెరవలేదు. ఎలా తెరుస్తాడు? బాకీ ఉన్నవాడి గొంతు ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంటుంది. బ్యాంకుకు అయిదో తారీఖున వాయిదా వెళ్లిపోతే ఆరో తారీఖున వాళ్ల ముందు తలెత్తుకు తిరగొచ్చు. మాట మీద ఇచ్చిన అప్పుకు తారీఖు ఉండదు. అందుకే దానికి సెలవూ ఉండదు.

చేతిలో పడిన ప్రతి రూపాయినీ ముందు అటే మళ్లించారు. 2024 దీపావళి ముందు చివరి ఇరవై వేలూ షావుకారు చేతిలో పెట్టాడు. ''తొందరేముందయ్యా'' అన్నాడాయన నొచ్చుకుంటూ. ఆ మాటలో కపటం లేదు. గుమాస్తా ఆవర్జా తీసి తన పేరు మీద తను రాసుకున్న పద్దును తనే అడ్డంగా గీత గీసి కొట్టేశాడు. మర్నాడు పొద్దున్న టీ తాగాక, ఇరవై మూడేళ్లలో మొదటిసారి, ''బాబూ, జీతం సంగతి మాట్లాడాలి'' అన్నాడు. నాలుగు వేలు పెరిగింది. అడిగిన ఇంకో కోరికా నెరవేరింది. ఆ నెల నుంచి జీతం ఖాతాలో పడుతోంది. ఇప్పుడు ఆయన సంపాదనకూ ఒక కాగితం ఉంది.

ఆ సంగతి చూసి మార్కెట్‌లో కుర్ర కొలగార్లు ఇద్దరు ముగ్గురు ఆయన చుట్టూ చేరుతున్నారు. 'అన్నా, రిటర్నులంటే ఏంటి? బ్యాంకోళ్లు మాకిస్తారా?' అని అడుగుతున్నారు. ఇల్లు కొనడానికి మూడేళ్ల ముందే మొదలుపెట్టమంటాడాయన. డబ్బు ఖాతాలోంచి తిప్పండి, రిటర్నులు వేయండి, జామీను సంతకం పెట్టే ముందు వందసార్లు ఆలోచించండి, దస్తావేజులో అసలు ధరే రాయించండి, ఇంటి ఆడవాళ్ల పేరు మర్చిపోకండి... వరసగా చెబుతాడు, పద్దు అప్పజెప్పినట్టు.

2026 జనవరి వాయిదాతో యాభై వాయిదాలు పూర్తయ్యాయి. కట్టింది ఆరు లక్షల అరవై వేల పైచిలుకు. తగ్గిన అసలు లక్షన్నర కూడా లేదు. ఈ లెక్క వింటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మొదటి ఏళ్లలో గృహరుణం అంతే మరి, వడ్డీ ముందు తిని అసలును తర్వాత ముడుతుంది. రేట్లు ఇలాగే ఉంటే 2039 నాటికి తీరుతుంది. తీరిన ముప్పై రోజుల్లో అసలు దస్తావేజులు బ్యాంకు తిరిగివ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5 వేలు ఖాతాదారుకు చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన అది. ఆమె ఆ సంగతిని పేపర్లోంచి కత్తిరించి జిరాక్సు దస్తావేజుతోపాటు ట్రంకుపెట్టెలో పెట్టింది.

మావగారు అప్పుడప్పుడూ బాకీ ఎంత తగ్గిందని కోడల్నే అడుగుతారు, కొడుకుని కాదు. చెబితే వేళ్ల మీద ఏవో లెక్కలేసుకుంటారు. మొన్న ఎవరో చుట్టాలొచ్చి 'బ్యాంకోళ్లు పీక్కుతింటారటగా' అంటే ఆయన ఒప్పుకోలేదు.

''ఆళ్లు మంచోళ్లూ కాదు, సెడ్డోళ్లూ కాదు. లెక్క మనుషులు. లెక్క సూసుకుంటే సాలు'' అన్నారు.

పెరట్లో కొత్తగా నాటిన కరివేపాకు మొక్క గోడెత్తు పెరిగింది. ఈసారి దాన్ని వదిలేసి వెళ్లాల్సిన పని లేదు.